లోపల ఏ చిప్ ఉందో అడగలేదు

లినక్స్ వాడటం వచ్చు కాబట్టి కంప్యూటర్ సామాను కొనడం కూడా వచ్చుననుకున్నాను. ఆ భ్రమలో చాలా ఏళ్లు నా డబ్బు పోయింది. అది నా సొంత నష్టం, అక్కడితో ఆగి ఉంటే రాయాల్సిన పనే లేదు. చివరికి అదే భ్రమ మా తమ్ముడి దుకాణం దాకా వెళ్లింది. వేలిముద్ర వేసి కూలి డబ్బులు తీసుకుందామని వచ్చిన మనుషులు ఉత్తచేతులతో తిరిగిపోయారు. అందుకే మొదటి నుంచీ చెప్పాలి.

నేను ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నాకు ఇష్టం కలిగించింది ఒక ప్రింటర్ కథ. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకి జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ ఒకటి వచ్చింది. రిచర్డ్ స్టాల్మన్ అప్పుడు అక్కడే పనిచేస్తున్నాడు. అంతకుముందున్న ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే, ప్రింట్ ఇచ్చినవాళ్లకి తెర మీద కబురు అందేలా ఆయన దాని ప్రోగ్రామ్‌ని మార్చి పెట్టాడు. కొత్త ప్రింటర్‌కీ అలాగే చేద్దామంటే దాని సోర్స్ కోడ్ ఇవ్వలేదు. ఆ కోడ్ ఉన్న మరో విశ్వవిద్యాలయం పరిశోధకుణ్ని వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చానన్నాడు. 1983 సెప్టెంబర్‌లో స్టాల్మన్ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రకటించడానికి వెనకున్న అనుభవాల్లో ఇదొకటి.

ఈ కథ పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. యంత్రం కొన్నా దాని లోపలి సంగతి మనకి తెలియనివ్వకపోతే ఆ యంత్రం మనది కానట్టేనని, చెప్పిన ప్రతిసారీ ఉద్వేగంగా చెప్పాను. అలా చెప్పినవాణ్ని, సొంతానికి ప్రింటర్ కొన్నా, వైఫై పరికరం కొన్నా లోపల ఏముందని ఒక్కసారీ అడగలేదు. స్వేచ్ఛ గురించి చదివినంత శ్రద్ధగా డబ్బా మీది చిన్న అక్షరాలు చదవలేదు.

మొదటి తెలివితక్కువ పని 'డాస్ ల్యాప్‌టాప్' కొనడం. విండోస్ లేకుండా, ఫ్రీడాస్ అనే చిన్న వ్యవస్థతో అమ్మే ల్యాప్‌టాప్‌లని మన దగ్గర అలా పిలుస్తారు. నాలుగైదు వేలు తక్కువకి వస్తాయి. విండోస్ వేయకుండా అమ్ముతున్నారంటే లినక్స్ వాడేవాళ్ల కోసమేనని నేను తీర్మానించుకున్నాను. దుకాణంలో కుర్రాడు "సార్, విండోస్ మీరే వేయించుకోవాలి" అని చెబుతుంటే, నాకు అక్కర్లేదన్నాను గర్వంగా. విండోస్ లైసెన్స్ ఖర్చు తగ్గించుకోవడానికే అలా అమ్ముతారు. లోపలి చిప్‌లు లినక్స్‌తో పడతాయా లేదా అన్న ప్రశ్నకీ దీనికీ సంబంధమే లేదు. ఇంటికి తెచ్చి డెబియన్ అనే లినక్స్ రకం ఎక్కిస్తే వైఫై కనిపించలేదు.

వైఫై చిప్‌లో కూడా ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. దాన్ని నడిపించే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా, ఆ చిప్‌తో మాట్లాడే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ ఆ ఫర్మ్‌వేర్‌ని డిస్కులోంచి చదివి చిప్‌లోకి ఎక్కిస్తుంది. చాలా కంపెనీలు దాని సోర్స్ కోడ్ ఇవ్వవు. సోర్స్ కోడ్ లేనిదేదీ తమ అధికారిక డిస్కులో ఉండకూడదని డెబియన్ వాళ్లు చాలాకాలం నియమం పెట్టుకున్నారు. దాంతో ఇన్‌స్టాల్ చేసే వేళకి వైఫై ఉండేది కాదు, వైఫై లేక ఫర్మ్‌వేర్ దించుకోవడం కుదిరేది కాదు. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి ఆ పద్ధతి మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలేషన్ డిస్కులోనే ఉంటోంది. నేను కొన్నది అంతకుముందు. ఫర్మ్‌వేర్ కలిపిన అనధికార డిస్కు ఒకటి అప్పటికే దొరికేది. అది వాడితే నిష్ఠ చెడుతుందనుకుని కొన్నాళ్లు దాని జోలికి పోలేదు. ఇంట్లో పిల్లల చదువుకి నెట్ లేదు, నాకు నిష్ఠ ఉంది. ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

తీరా ఫర్మ్‌వేర్ తెచ్చి పెట్టినా ఆ చిప్ లేవలేదు, దాని డ్రైవరే లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లో లేదు. ఎవరో దయగల మనిషి విడిగా రాసి పెట్టిన కోడ్ దించుకుని కంపైల్ చేశాను. వైఫై వచ్చింది. కెర్నెల్ అప్‌డేట్ కాగానే పోయింది. మళ్లీ కంపైల్ చేశాను. లినక్స్ కెర్నెల్ లోపలి ఏర్పాట్లు వెర్షన్ వెర్షన్‌కీ మారుతుంటాయి. మార్చుకునే వీలు తమకి ఉండాలని కెర్నెల్ రాసేవాళ్లు కావాలనే అలా ఉంచుకున్నారు. కెర్నెల్‌లో భాగమైన డ్రైవర్లని ఆ మార్పు చేసినవాళ్లే సరిదిద్దుతారు, బయట ఉన్న డ్రైవర్‌కి ఆ అండ లేదు. దీనికి తోడు 2012లో విండోస్ 8తో పాటు కొత్త కంప్యూటర్లలోకి వచ్చిన సెక్యూర్ బూట్ ఒకటి. సొంతంగా కంపైల్ చేసుకున్న మాడ్యూల్‌కి గుర్తింపు ఉన్న సంతకం లేకపోతే కెర్నెల్ దాన్ని లోపలికి రానివ్వదు. మన తాళంచెవితో మనమే సంతకం చేసి, ఆ తాళంచెవిని యంత్రానికి పరిచయం చేయాలి. అది తెలిసేదాకా కోడ్‌లో తప్పుందనుకుని అదే పనిగా తిరగేశాను.

అసలు అవివేకం ఆ తర్వాతిది. ఆ చిప్‌తో నేను పడిన కష్టాన్ని నా అర్హత అనుకున్నాను. కంపైల్ చేయగలిగాను కాబట్టి సరైన వస్తువు ఎంచుకోకపోయినా ఫర్వాలేదనుకున్నాను. స్నేహితులు ఏ ల్యాప్‌టాప్ కొనమంటారని అడిగితే "ఏదైనా కొనండి, లినక్స్ అన్నిట్లోనూ నడుస్తుంది" అని చెప్పాను. ఆ మాట నమ్మి కొన్నవాళ్లున్నారు. నాలా రాత్రుళ్లు కూర్చుని కంపైల్ చేసుకునే తీరిక వాళ్లకెక్కడిది? వాళ్లు మెల్లగా విండోస్‌కి వెళ్లిపోయారు. వాళ్లకి ఓపిక లేదని నాలో నేను అనుకున్నాను. చెడ్డ సలహా ఇచ్చింది నేనన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఇక యూఎస్‌బీ వైఫై పరికరం సంగతి. లినక్స్ వాడేవాళ్లంతా మెచ్చుకునే మోడల్ ఒకటి ఉండేది. అందులో అథెరాస్ ఏఆర్9271 అనే చిప్ ఉండేది. డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది. దాని ఫర్మ్‌వేర్ సోర్స్ కోడ్ కూడా 2013లో బయటికి వచ్చింది. వైఫై ప్రపంచంలో అది చాలా అరుదు. మోడల్ పేరు కాగితం మీద రాసుకుని వెళ్లి, అదే పేరున్న డబ్బా కొన్నాను. గుచ్చితే ఉలుకూ పలుకూ లేదు. డబ్బా అడుగున, బార్‌కోడ్ పక్కన, వెర్షన్ సంఖ్య చిన్నగా ముద్రించి ఉంది. పేరు అదే, ఆకారం అదే, వెర్షన్ మారింది, లోపల వేరే కంపెనీ చిప్ పెట్టారు. మార్చిన సంగతి డబ్బా మీద ఎక్కడా లేదు. అప్పటికే బిల్లు పారేశాను. కొన్నవాడికి తెలియకుండా లోపలి వస్తువు మార్చి అదే పేరుతో అమ్మడం సరికాదని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. అయినా ఆ వెర్షన్ సంఖ్య నా చేతిలోనే ఉంది, చదవకుండా డబ్బిచ్చింది నేనే.

యూఎస్‌బీ పరికరమైనా, లోపల బిగించిన కార్డైనా, తన గురించి తాను చెప్పుకునే సంఖ్య ఒకటి ఉంటుందని అప్పుడు నేర్చుకున్నాను. అందులో మొదటి సగం తయారీదారుది, రెండో సగం వస్తువుది. ఇంటెల్ కార్డులకి మొదటి సగం 8086, అంటే 1978లో ఆ కంపెనీ తెచ్చిన ప్రాసెసర్ పేరే. ఆ పాత అథెరాస్ చిప్‌ది 0సీఎఫ్3:9271. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ, ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్ అన్న ఆదేశాలు ఇస్తే ఈ సంఖ్యలు బయటపడతాయి. డ్రైవర్‌ని ఎంచుకోవడానికి కెర్నెల్ ముఖ్యంగా చూసేది ఆ సంఖ్యనే. డబ్బా మీది పేరుతో, కంపెనీ ప్రతిష్ఠతో దానికి పనిలేదు. ఇంత చిన్న విషయం తెలుసుకోకుండా ఏళ్ల తరబడి పేర్లు చూసి కొన్నాను.

నా దగ్గర ఒక సాకు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. తప్పంతా హార్డ్‌వేర్ కంపెనీలదేనని. అందులో నిజం లేకపోలేదు. 2007 జనవరిలో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ అనే కెర్నెల్ డెవలపర్ కంపెనీలన్నిటికీ బహిరంగంగా ఒక మాట ఇచ్చాడు. చిప్ వివరాలు ఇవ్వండి, లినక్స్ డ్రైవర్ మేమే ఉచితంగా రాసిపెడతాం, రహస్యాలుంటే ఒప్పందం మీద సంతకమూ చేస్తాం అన్నాడు. రాస్తామని ముందుకొచ్చిన వాళ్లు వందల్లో ఉన్నారు, ఇస్తామన్న కంపెనీలే తక్కువ. తర్వాత కొంత మారింది. 2010 సెప్టెంబర్‌లో బ్రాడ్‌కామ్ తన కొత్త వైఫై చిప్‌లకి సోర్స్ కోడ్‌తో డ్రైవర్ ఇచ్చింది. 2022 మేలో ఎన్విడియా తన గ్రాఫిక్స్ కెర్నెల్ మాడ్యూళ్ల సోర్స్ కోడ్ విడుదల చేసింది. ఇవన్నీ నాకు కంఠస్థం. కంపెనీలు చేయాల్సింది ఎంత బాగా తెలుసో, కొనేవాడిగా నేను చేయాల్సింది అంత తెలియదు.

మొదట్లో చెప్పిన తమ్ముడు మా చిన్నాన్న కొడుకు, మధిరలో జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాడు. కాలేజీ దరఖాస్తులు, బస్సు టిక్కెట్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు, వీటన్నిటికీ మించి ఆధార్ మీద డబ్బులు తీసిచ్చే పని. ఉపాధి హామీ కూలి బ్యాంకులో పడితే, బ్యాంకు దాకా వెళ్లలేనివాళ్లు వాడి దగ్గరికొచ్చి వేలిముద్ర వేసి తీసుకుంటారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే సాధారణంగా ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో ఉండాలి. వాడి కంప్యూటర్లన్నీ ఆరో తరానివి. బాగా పనిచేస్తున్న యంత్రాల్ని పారేసి కొత్తవి కొనమంటున్నారని వాడు బాధపడ్డాడు.

ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తున్న సందర్భం వచ్చిందనుకున్నాను. "ఒక్క రూపాయి ఖర్చు లేకుండా నేను చేసిపెడతానురా" అన్నాను. వాడు సందేహించాడు. "అన్నయ్యా, మన పనులన్నీ అవుతాయా అందులో?" అన్నాడు. అవుతాయన్నాను. ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఒక కంప్యూటర్ నడిపి చూపించాను కూడా. తెర వచ్చింది, నెట్ వచ్చింది, తెలుగు టైపింగ్ వచ్చింది. ఆ కంప్యూటర్ వెనకాల యూఎస్‌బీ తీగలు ఏమేం వేలాడుతున్నాయో వంగి చూడలేదు. ఒక ఆదివారం కూర్చుని అన్నిట్లోనూ విండోస్ పూర్తిగా తుడిచేసి లినక్స్ పెట్టాను. పక్కన పాతది ఉంచితే మళ్లీ దానికే అలవాటు పడతాడని ఉంచలేదు. వాడి జీవనాధారాన్ని వెనక్కి తీసుకునే దారి లేకుండా మార్చేశాను. నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద తెలివితక్కువ పని అదే.

స్కానర్ మాత్రం చక్కగా పనిచేసింది. కొత్త విండోస్‌లకి కంపెనీ డ్రైవర్ ఇవ్వడం మానేసిన పాతది అది. లినక్స్‌లో స్కానర్లని నడిపే సేన్ అనే ఏర్పాటు దాన్ని గుచ్చగానే గుర్తుపట్టింది. ఆ ఆనందంలో సోమవారం పొద్దున దుకాణం తెరిపించాను.

ప్రింటర్ కదల్లేదు. ఊరూరా జిరాక్స్ షాపుల్లో కనిపించే చిన్న లేజర్ ప్రింటరే అది. మంచి ప్రింటర్లకి పోస్ట్‌స్క్రిప్ట్ లాంటి పేజీ భాష ఏదో ఒకటి అర్థమవుతుంది. ఇలాంటి చవక ప్రింటర్లలో ఆ తెలివి పెట్టరు. పేజీని చుక్కల కింద మార్చి, ఆ కంపెనీకే తెలిసిన పద్ధతిలో కుదించి, కంప్యూటరే పంపాలి. ఆ పద్ధతి రహస్యం. కంపెనీ ఇచ్చిన లినక్స్ డ్రైవర్ ఏనాటిదో, 32 బిట్ల కాలంది. తంటాలు పడి ఎక్కిస్తే ఒక పేజీ వచ్చేది, ప్రింటర్ ఆపి వేస్తే మళ్లీ మొదటికొచ్చేది. ఎంఐటీ ప్రింటర్ కథ ఏళ్లుగా పాఠంలా చెప్పినవాణ్ని, సోర్స్ కోడ్ దాచుకున్న ప్రింటర్ ముందు ఏమీ చేయలేక నిలబడ్డాను.

ప్రింటర్ లేకపోయినా ఆ పూటకి పక్క దుకాణానికి పంపవచ్చు. వేలిముద్ర పరికరానికి అలా కుదరదు. ఆధార్‌కి వాడే పరికరాలు రిజిస్టర్డ్ డివైస్ పద్ధతిలో నడుస్తాయి. వేలిముద్ర తీయగానే దాన్ని గుప్తీకరించి, ఇది నమోదైన పరికరం నుంచే వచ్చిందని సంతకం చేసి పంపే సేవ ఒకటి ఉండాలి. ఆ జాగ్రత్త అవసరమే, లేకపోతే దొంగ వేలిముద్రలతో ఖాతాలు ఖాళీ చేస్తారు. వాడి దగ్గరున్న పరికరానికి ఆ సేవ విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ మాత్రమే ఉంది. లినక్స్ దాన్ని యూఎస్‌బీ పరికరంగా గుర్తుపట్టింది, సంఖ్య చూపించింది, అంతే. స్వచ్ఛందంగా ఎవరైనా డ్రైవర్ రాసినా ఆ సంతకం లేనిదే ఆధార్ వ్యవస్థ ఒప్పుకోదు.

అప్పటికి అరుగు మీద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు, చేతుల్లో ఆధార్ కార్డులు. నేను కంపెనీ తీరు గురించి తమ్ముడికి వివరిస్తున్నాను. వాడు కోప్పడలేదు. "కంపెనీది తప్పే అన్నయ్యా. వీళ్లకి ఇవాళ డబ్బులు ఎట్లా ఇవ్వాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "రేపు రండమ్మా" అని వాడే చెప్పి పంపించాడు. ఒకావిడ మందులు కొనుక్కోవాలంది. వాడు జేబులోంచి తీసిచ్చాడు. మరదలు లోపల్నుంచి వచ్చి, "బావగారూ, ఏమనుకోకండి, పాతదే పెట్టెయ్యండి" అంది. తుడిచేశానని చెప్పడానికి నాకు మాట రాలేదు.

తర్వాత సర్దుకున్నాం. వేలిముద్ర పని కోసం విండోస్ 11తో ఒక కంప్యూటర్ కొన్నాడు. సగం డబ్బు బలవంతంగా నేనిచ్చాను. మిగిలినవాటిలో లినక్స్ ఉంది, దరఖాస్తులన్నీ వాటి మీదే చేస్తున్నాడు. ప్రింటర్ మార్చాం. ఇప్పుడున్నది ఐపీపీ ఎవ్రీవేర్, ఎయిర్‌ప్రింట్ రెండూ తెలిసిన నెట్‌వర్క్ ప్రింటర్. ఇలాంటివాటికి విడిగా డ్రైవర్ అక్కర్లేదు, తనకేం చేతనవునో ప్రింటరే కంప్యూటర్‌కి చెప్పుకుంటుంది. ఫోన్ల నుంచి ప్రింట్ తీయాలన్న అవసరం వల్ల ఈ పద్ధతి బాగా వ్యాపించింది, ఆ మేలు లినక్స్‌కీ దక్కింది.

ఇప్పుడు నా పద్ధతి వేరు. ల్యాప్‌టాప్ కొనాలంటే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట, పెద్ద కంపెనీలు వాడి అమ్మేసిన వ్యాపార శ్రేణి మోడళ్లు చూస్తాను. వాటిలో ఇంటెల్ వైఫై ఉండటం మామూలు, దానికి డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది. డబ్బివ్వక ముందే పెన్‌డ్రైవ్‌తో లినక్స్ నడిపి చూస్తాను. శబ్దం, కెమెరా, వైఫై చూసి, తర్వాత మూత మూసి కాసేపాగి తెరుస్తాను. నిద్రలోకి వెళ్లి సరిగ్గా లేవని ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి, ఆ పరీక్ష ఎవరూ చేయరు. పెన్‌డ్రైవ్ పెట్టనివ్వనన్న దుకాణంలో నేను కొనను. కొత్తగా విడుదలైన మోడల్ ఎంత నచ్చినా కొన్ని నెలలు ఆగుతాను, అందులోని చిప్‌లకి కెర్నెల్‌లో చోటు దొరకడానికి సమయం పడుతుంది.

మీలో ఎవరైనా మరొకరిని లినక్స్‌లోకి మార్చాలనుకుంటే నా మనవి ఒక్కటే. ముందు వాళ్ల దుకాణంలో ఒక రోజు కూర్చోండి. ఏమేం గుచ్చుతున్నారో చూసి, ఒక్కోదాని సంఖ్య రాసుకుని, అది నడుస్తుందని మీ కళ్లతో చూసిన తర్వాతే పాతది తీయండి. తీసినా, కొన్నాళ్లు పక్కనే ఉంచండి.

మీ ఇంట్లో లినక్స్‌తో సరిగ్గా నడుస్తున్న ప్రింటరో, వైఫై పరికరమో, ల్యాప్‌టాపో ఉంటే ఆ సంగతి మీ దగ్గరే ఉంచుకోకండి. హెచ్‌డబ్ల్యూ-ప్రోబ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. ఏ చిప్‌కి ఏ డ్రైవర్ పట్టిందో అందరికీ కనిపించే జాబితాలోకి అది చేరుస్తుంది. అది చేతకాకపోతే మోడల్ పేరు, వెర్షన్, చిప్ సంఖ్య, కెర్నెల్ వెర్షన్ తెలుగులో నాలుగు మాటలు రాసి నలుగురికీ పంపండి. నడవని వస్తువు గురించి కూడా రాయండి. మధిరలో కొనేవాడికీ, కర్నూలులో కొనేవాడికీ కొనకముందే అది తెలియాలి.